బోరు నీళ్లు బండిలో పోయకండి

మార్చి వచ్చిందంటే నెల్లూరులో కారున్న ప్రతివాళ్లూ ఏసీ గ్యాస్ చూపించుకుంటారు. ఇంజన్‌ని చల్లగా ఉంచే ద్రవం, అదే కూలెంట్, చూపించుకునేవాళ్లు మాత్రం తక్కువ. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. ఆ ఎండలో ఏసీ పనిచేయకపోతే చెమటలు పడతాయి, ఇంటికెళ్లి స్నానం చేస్తే సరిపోతుంది. కూలెంట్ లేకపోతే ఇంజనే పోతుంది. ఇంజన్ పైన ఉండే అల్యూమినియం హెడ్ వేడికి వంకర తిరిగితే దాన్ని దించాలి, లేతు షాపులో చదును చేయించాలి, దాని కింద ఉండే గ్యాస్కెట్ మార్చాలి. పాత బండైతే ఆ బిల్లు చూసి అమ్మేసినవాళ్లు మా బంధువుల్లోనే ఉన్నారు.

మా అత్తగారి ఊరు ఉదయగిరి వైపు. అక్కడ బోరు నీళ్లతో టీ పెడితే కొన్నాళ్లకే గిన్నె అడుగున తెల్లటి పొర కడుతుంది. పీచుతో రుద్దినా పోదు, చెంచాతో గీకాలి. ఆ నీళ్లే ఇంజన్ వేడిని బయటికి పంపే రేడియేటర్‌లో పోస్తే ఆ పొరే అందులోనూ కడుతుంది. రేడియేటర్ గొట్టాలు బాగా సన్నం, చెంచా పట్టదు. పొర కట్టినచోట వేడి బయటికి పోదు, ఇంకా కడితే దారే మూసుకుపోతుంది. ఇటు సముద్రం వైపు ఊళ్లలో నీళ్లు ఉప్పన. ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తుంది. అంటే మన జిల్లాలో ఏ మూలకెళ్లినా చేతికందిన నీళ్లు బండికి పనికొచ్చేవి కావు.

మా తమ్ముడు సెకండ్ హ్యాండ్‌లో కొన్న డీజిల్ బండి హైవే మీద హీటెక్కుతోందంటే ఆటోనగర్‌లో మాకు తెలిసిన షెడ్డుకి తీసుకెళ్లాం. మెకానిక్ భాయ్ కింది హోస్ పైపు లూజు చేయగానే ఇటుక రంగు నీళ్లు కారాయి. కూలెంట్ వాసనే లేదు. పాత ఓనరు ఎన్నేళ్లుగా నీళ్లే పోస్తూ వచ్చాడో మరి. తర్వాత థర్మోస్టాట్ విప్పాడు. ఇంజన్ వేడెక్కేదాకా కూలెంట్‌ని రేడియేటర్‌లోకి పోనివ్వకుండా ఆపే వాల్వు అది. అరచేతిలో పట్టేంత ముక్క, అంచు మీద 82 అని అంకె కొట్టి ఉంది, అంటే 82 డిగ్రీలకు తెరుచుకోవడం మొదలవ్వాలి. టీ కాచే స్టవ్ మీద గిన్నె పెట్టి, నీళ్లు పోసి, దాన్ని తీగకు కట్టి అడుగు తగలకుండా వేలాడదీశాడు. పక్కనే థర్మామీటరు. ముల్లు 82 దాటింది, వాల్వు కదల్లేదు. 90 దాటింది, కదల్లేదు. నీళ్లు కుతకుతా ఉడుకుతుంటే అప్పుడు వెంట్రుకవాసి తెరుచుకుంది. కొత్తది అదే గిన్నెలో వేస్తే 82 దాటగానే మెల్లగా విచ్చుకుని, 95 వచ్చేసరికి పూర్తిగా తెరుచుకుంది. లోపల మైనం ఉంటుందట. వేడికి ఉబ్బి వాల్వును నెడుతుంది, చల్లారితే స్ప్రింగు మళ్లీ మూస్తుంది. నాకైతే చూస్తున్నంతసేపూ ముచ్చటేసింది.

పక్కన నిలబడ్డ ఒకాయన, "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకమ్మా, తీసి పారేయించండి" అన్నాడు. ఈ మాట మన దగ్గర చాలా షెడ్లలో వినపడుతుంది. భాయ్ ఒప్పుకోలేదు. "అది తీసేస్తే ఇంజన్ సరైన వేడికి రానే రాదమ్మా, డీజిల్ ఎక్కువ తాగుతాది, ఆయిల్ చెడిపోతాది" అన్నాడు. ఆయన మాటే నిజం. ఇంజన్‌కి వేడి ఎక్కువైనా నష్టమే, తక్కువైనా నష్టమే. చెడిపోయిన థర్మోస్టాట్‌ని మార్చాలి గానీ తీసెయ్యకూడదు.

కూలెంట్ అంటే రంగు నీళ్లు కాదు. అందులో ఉండేది ఇథిలిన్ గ్లైకాల్, దానితో పాటు తుప్పు పట్టకుండా కాపాడే మందులు. సగం అది, సగం డిస్టిల్డ్ వాటర్ కలిపితే 107 డిగ్రీల దాకా మరగదు. రేడియేటర్ పైన బిగించే మూత ఇంకో పని చేస్తుంది. ప్రెషర్ కుక్కర్‌లో లాగా లోపల ఒత్తిడి నిలబెట్టి, మరిగే వేడిని 120 దాటిస్తుంది. ఆ మూత రబ్బరు పగిలితే చాలు, మిగతావన్నీ కొత్తవైనా బండి పొంగుతుంది. మూత ఖరీదు తక్కువే. అనుమానమొస్తే ముందు అదే మార్చండి.

షాపులో రెండు రకాల డబ్బాలుంటాయి. ఒకటి నేరుగా పోసేది, ఇంకోటి నీళ్లు కలపాల్సింది. డబ్బా మీద చదివి తీసుకోండి. డిస్టిల్డ్ వాటర్ బ్యాటరీ షాపుల్లో దొరుకుతుంది. పచ్చదా, ఎర్రదా అని రంగు చూసి కొనకండి. రంగు ఒక్కో కంపెనీ ఒక్కోలా వేస్తుంది. మీ బండి మాన్యువల్‌లో రాసిన రకమే పోయాలి, ఎన్నేళ్లకు మార్చమంటే అన్నేళ్లకు మార్చాలి.

నెలకోసారి పొద్దున్నే, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు, బానెట్ ఎత్తి కూలెంట్ ఉండే తెల్ల డబ్బాలో మట్టం చూడండి. మిన్, మ్యాక్స్ గీతల మధ్య ఉండాలి. మళ్లీ మళ్లీ తగ్గుతోందంటే ఎక్కడో పోతోందనే అర్థం. పోసి మూత పెట్టేసి ఊరుకోవద్దు. హోస్ పైపు క్లిప్పుల దగ్గర పచ్చగానో గులాబీగానో గట్టిపడిన మరకలున్నాయా, కూలెంట్‌ని తిప్పే వాటర్ పంపు కింద చెమ్మ ఉందా, చూడండి. పైపు నొక్కితే మెత్తబడి ఉబ్బినట్టున్నా, పెళుసుగా చిట్లినా మార్పించాలి. బయట ఎక్కడా చుక్క కూడా లేకుండా తగ్గుతూ, పొగగొట్టం నుంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే గ్యాస్కెట్ చూపించుకోండి. ఆయిల్ పాల రంగుకి తిరిగితే ఇక ఆ బండి నడపనేకూడదు.

ఎప్పుడు హీటెక్కుతోందో గమనిస్తే సగం జబ్బు తెలిసిపోతుంది. ఊళ్లో ట్రాఫిక్‌లో, రైల్వే గేటు దగ్గర ఆగినప్పుడు ఎక్కి, హైవే మీద తగ్గితే అనుమానం రేడియేటర్ ఫ్యాన్ మీద, దాన్ని ఆన్ చేసే రిలే మీద. హైవే మీదే ఎక్కితే రేడియేటర్ పూడిపోయి ఉండాలి, లేదా థర్మోస్టాటో పంపో అయ్యుండాలి. మన దగ్గర ఇంకో కారణముంది. వరికోతలప్పుడు రోడ్ల మీద వడ్లు ఆరబోస్తారు కదా, ఆ తాలు, దుమ్ము, పురుగులు పోయి ముందుండే ఏసీ కండెన్సర్ జాలీలో ఇరుక్కుంటాయి. దాని వెనకాలే రేడియేటర్. కోతలయ్యాక కడిగించండి. ప్రెషర్ గన్ దగ్గరగా పెడితే రేకులు వంగిపోతాయి, మామూలు పైపుతో ఇంజన్ వైపు నుంచి బయటికి కొట్టమనండి.

వేడి చూపించే ముల్లునే పూర్తిగా నమ్మకండి. సెన్సర్ కూలెంట్‌లో మునిగి ఉంటేనే సరిగ్గా చెబుతుంది. కూలెంట్ మొత్తం కారిపోతే ఒక్కోసారి ముల్లు కిందికే పడిపోతుంది. ఈమధ్య చిన్న కార్లలో చాలావాటికి ముల్లే లేదు. ఇంజన్ చల్లగా ఉంటే నీలం లైటు, మరీ వేడెక్కితే ఎర్ర లైటు, అంతే. ఎర్రది వెలిగిందంటే వచ్చే ఊరి దాకా పోదామనుకోవద్దు.

వేడి పెరగడం మొదలైతే ఏసీ ఆపి, హీటర్ ఫుల్లుగా పెట్టండి. ఎండాకాలంలో హీటరేంటి అనిపిస్తుంది గానీ, ఇంజన్ వేడి కొంత అటు పోతుంది. తగ్గకపోయినా, ఆవిరి కనపడినా పక్కకు తీసి ఇంజన్ ఆపేయండి. లోపల పెద్దవాళ్లో పిల్లలో ఉంటే ముందు వాళ్లను దింపి నీడకు చేర్చండి. మూత జోలికి మాత్రం కనీసం అరగంట వెళ్లొద్దు. మరిగే నీళ్లు మొహానికి చిమ్ముతాయి. వేడి ఇంజన్ మీద చల్లనీళ్లు కుమ్మరించొద్దు. పూర్తిగా చల్లారాక తప్పనిసరై పోయాల్సివస్తే తాగే వాటర్ బాటిల్ నయం. షెడ్డుకి చేరాక అది తీయించి కూలెంట్ పోయించండి.

ఒక్క విషయం ఊళ్లలో ఉండేవాళ్లకి. పాత కూలెంట్ దొడ్లో పారబోయకండి. అది తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకుతాయి, అది వాటికి విషం, పిల్లలకీ విషమే. డబ్బాలో పట్టి మూత బిగించి షెడ్డు వాళ్లకే ఇచ్చేయండి. మిగిలిన కొత్త కూలెంట్‌ని కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఎప్పుడూ దాచొద్దు.