బురదమడుగు దగ్గర ఎల్క్ వేట: నా అనుభవం

డెన్వర్‌లో ఉండే మనవాళ్లు సెప్టెంబర్ రాగానే ఎస్టెస్ పార్క్ వెళ్లి, కారు పక్కన ఆపుకుని మగ ఎల్క్‌ల (పెద్ద కొమ్ములుండే భారీ జింకల) కూతలు వింటారు. రాకీ మౌంటెన్ నేషనల్ పార్క్‌లో వేట నిషిద్ధం కాబట్టి అక్కడి ఎల్క్‌లకి మనిషంటే లెక్కలేదు. వేటకి అనుమతి ఉన్న అడవిలో అదే ఎల్క్ మన వాసన ఒక్కసారి తగిలితే కొండ దాటి పోతుంది. నేను విల్లుతో వెంటపడింది ఈ రెండో రకం వాటి వెంట. ఎక్కడంటే ఫ్లాట్ టాప్స్ వైపు, వైట్ రివర్ నేషనల్ ఫారెస్ట్‌లో. అంతకంటే అడక్కండి, కొలరాడోలో వేటగాళ్లు సొంత తమ్ముడికి కూడా మడుగు జాడ చెప్పరు.

కాగితాల పని త్వరగానే అయిపోయింది. 1949 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకి హంటర్ ఎడ్యుకేషన్ కార్డు లేకుండా ఇక్కడ లైసెన్సు ఇవ్వరు. ఆరు నెలలు వరసగా రాష్ట్రంలో ఉంటే రెసిడెంట్ కింద లెక్క. తుపాకీ అయితే వీసా మీద ఉన్నవాళ్లు ఫెడరల్ నిబంధనలు విడిగా చూసుకోవాలి, విల్లుకి ఆ గొడవ లేదు. మార్కాపురంలో ఉన్న అమ్మకి ఫోన్‌లో చెబితే, "జింకని కొడితే జైల్లో వేస్తార్రా!" అంది. మన దగ్గర 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిన దగ్గర్నుంచీ అదే నిజం. ఇక్కడ ప్రభుత్వమే లైసెన్సు అమ్ముతుందని ఆమెని నమ్మించడానికి లైసెన్సు ఫొటో పంపాల్సి వచ్చింది.

ఇక మడుగు సంగతి. జతకట్టే కాలం దగ్గరపడే కొద్దీ మగ ఎల్క్ ఊట నీళ్లున్న చోట కొమ్ములతో, గిట్టలతో తవ్వి, అందులోనే మూత్రం పోసి, ఆ బురదలో పొర్లుతుంది. ఒళ్లు చల్లబడుతుంది, దాని వాసన చాలా దూరం దాకా వ్యాపిస్తుంది. మన నల్లమలలో కణుజులకీ ఈ అలవాటుంది. గుంట పెద్దదేం కాదు, చాలావరకు స్నానాల తొట్టి అంత.

జులైలో శాటిలైట్ మ్యాప్ ముందేసుకుని కూర్చున్నా. ఉత్తరం వైపు వాలు, స్ప్రూస్ చెట్ల దట్టమైన నీడ, ఆ నలుపు మధ్యలో చిన్న లేతపచ్చ మచ్చ, ఎత్తుపల్లాలు చూపే కాంటూరు గీతలు ఎడంగా ఉండి నేల కాస్త చదునుగా కనిపించే మెట్టు, దాని కింద వాగు మొదలయ్యే నీలిగీత. ఇవన్నీ ఒకచోట కలిస్తే గుర్తు పెట్టుకున్నా. నడిచి చూస్తే వాటిలో చాలామటుకు ఉత్త చిత్తడి. నిజమైన మడుగుని ముక్కు ముందు పట్టేస్తుంది. పదివేల అడుగుల ఎత్తులో పడిన చెట్లు దాటుకుంటూ పోతుంటే గుప్పున మూత్రం వాసన కొట్టింది. నీళ్లు కాఫీ రంగులో ఇంకా తేరుకోలేదు. అంచున ఎర్రగోధుమ వెంట్రుకలు, పక్క చెట్టు మొదలుకి నా ఛాతీ ఎత్తు దాకా పచ్చి బురద. నీళ్లు తేటగా ఉండి బురద అడుక్కి దిగితే అది పాత సంగతి. ఇది మాత్రం ఆ పూటదే.

జంతువు కదిలితే తనే ఫొటో తీసే కెమెరా ఒకటి చెట్టుకి ఎత్తుగా కట్టి వచ్చేశా. ఫొటోలు అప్పటికప్పుడు ఫోన్‌కి పంపే రకం కాదు, అలాంటి దానితో జాడ పట్టి వెంటనే వేటాడటం ఇక్కడ తప్పు. తర్వాత కార్డు తీసి చూస్తే రాత్రి ఫొటోలే ఎక్కువ. పగటివి మాత్రం ఉదయం 11కి, మధ్యాహ్నం 3కి మధ్య గుమిగూడాయి. అందరూ పొద్దున్నే, సాయంత్రమే వేట అంటారు. మడుగుకి ఆ లెక్క పనికిరాదు. ఎండ ముదిరాక, పడుకున్నచోట వేడెక్కి లేచి వస్తుంది.

ఆగస్టు ఆఖరు, సెప్టెంబర్ మొదటి రోజులే మడుగుకి అసలు అదను. నెల సగానికి వచ్చేసరికి పెద్ద మగవి ఆడవాటిని పోగేసుకుని వాటి వెనకే తిరుగుతాయి, మడుగు మొహం చూడవు. మందకి దూరంగా, తరిమేస్తే తప్పుకుని తిరిగే మధ్య వయసు మగవే అప్పుడింక వచ్చేవి. నాకు అదే చాలు.

కూర్చునే చోటు మొత్తం గాలే నిర్ణయిస్తుంది. చల్లటి పొద్దున గాలి వాలు వెంట కిందికి జారుతుంది, ఎండ తగిలాక పైకి తిరుగుతుంది, సాయంత్రం మళ్లీ కిందికి. అందుకే పొద్దున మడుగు దరిదాపులకి పోలేదు. పది దాటాక, గాలి ఎటుందో చూసే పౌడర్ డబ్బా చేతిలో నొక్కుతూ, ఆ తెల్లటి పొగ నా మొహం మీదికి వస్తున్నంతసేపే పైనుంచి దిగి, మడుగుకి పైవైపు, 30 గజాల్లో ఒరిగిన చెట్టు వెనక కూర్చునేవాణ్ణి. పొగ దారి మార్చిన రోజున లేచి వచ్చేశా. మడుగు దగ్గర మన వాసన ఒకసారి మిగిలితే ఆ సీజన్‌కి అది పోయినట్టే.

రెండో వారంలో ఓ ఉక్క మధ్యాహ్నం అది వచ్చింది. చప్పుడు లేదు, కొమ్మ విరిగింది లేదు, ఉన్నట్టుండి మడుగులో ఉంది. చాలా యూనిట్లలో (వేట కోసం విడదీసిన ప్రాంతాల్లో) ఒక కొమ్ముకి నాలుగు మొనలో, అయిదంగుళాల నుదుటి మొనో ఉంటేనే కొట్టాలి. మొనలు లెక్కపెట్టా, అయిదు. ముందుకాళ్లతో నీళ్లు చిమ్మి, కూలబడి, అటూ ఇటూ దొర్లింది. పడుకున్న దాన్ని కొట్టకూడదు, ఊపిరితిత్తుల మీదికి భుజం ఎముక ఎలా వస్తుందో చెప్పలేం. లేచి, ఒళ్లు దులుపుకుని, పక్కకి తిరిగి నిలబడ్డాక బాణం వదిలా.

అరగంట దాటేదాకా కదల్లేదు. తర్వాత తిప్పలు మొదలు. దాని ఒంటి నుంచి కారిన బురదనీళ్లే నేలంతా, అందులో నెత్తురు మరక ఏదో బురద మరక ఏదో తెలీదు. ఆకుల్ని టిష్యూ కాగితంతో అద్ది, ఎర్రగా అంటితేనే అడుగు వేశా. వంద గజాల లోపే పడి ఉంది.

అక్కడికక్కడే లైసెన్సుతో వచ్చిన ట్యాగ్ చీటీ మీద సంతకం. ఎండిన బురద కత్తి మొనని ఇట్టే మొద్దు చేసేస్తుంది, మార్చుకునే బ్లేడ్లు లేకపోతే ఆ సాయంత్రం నా పని అయిపోయేదే. వీపు మీంచి చర్మం ఒలిచి, వెంట్రుక తాకిన చెయ్యి మాంసానికి తగలకుండా చూసుకుంటూ, తొడలు, జబ్బలు, నడుము కండలు విడదీసి గుడ్డ సంచుల్లో నీడన వేలాడదీశా. ఆడమగ తెలిసే భాగం ఒకటి మాంసానికి అంటే ఉండాలి, అది రూలు. ఫోన్ చేస్తే స్నేహితుడు ఫ్రేమ్ బ్యాగుతో వచ్చాడు. మొదటి తొడ వీపుకెత్తుకోగానే, "అన్నా, ఇది మోయడానికి పిలిచావా, చంపడానికి పిలిచావా?" అన్నాడు. చీకట్లో మొదలెట్టిన మోత మర్నాడు మధ్యాహ్నానికి గానీ తీరలేదు.

తల నుంచి తీసిన నమూనాని సీడబ్ల్యూడీ (జింకజాతి మెదడుని తినేసే జబ్బు) పరీక్షకి ఇచ్చా. నెగటివ్ అని వచ్చేదాకా ఫ్రీజర్ ముట్టుకోలేదు. బట్టలు మాత్రం గ్యారేజీ దాటి లోపలికి రానివ్వనని మా ఆవిడ పట్టుబట్టింది, న్యాయమే. ఎల్క్ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు, వేపుడు చేస్తే గట్టిపడుతుంది. జబ్బ ముక్కల్ని కుక్కర్‌లో బాగా ఉడికించి, గోంగూర చివర్లో కలిపితే కుదిరింది.