ఉద్దానంలో ఒక పూట

ఇంగ్లండ్‌లో డాక్టరీ చదివేవాళ్లు ఆఖర్లో కొన్ని వారాలు ఎలెక్టివ్ పేరుతో వేరే దేశం ఆసుపత్రుల్లో పని నేర్చుకుని రావచ్చు. అలా శ్రీకాకుళం వచ్చిన ఇద్దరికి నేను దుబాసీని. హౌస్‌సర్జన్‌ని, పైగా ఈ జిల్లావాడిని. తప్పించుకునే దారి లేదు.

ఆదివారం ఆముదాలవలసలో రైలెక్కాం. పలాస దాటాక జీడితోటలు, కొబ్బరితోటలు. ఈ ప్రాంతాన్నే ఉద్దానం అంటారు. "ఇంత పచ్చటి చోట రోగమేంటి?" అన్నాడు కుర్రాడు. ఉద్దానం మొదటిసారి చూసిన వాళ్లంతా అనేదే. షుగరూ బీపీ లేకపోయినా పొలం పని చేసుకునేవాళ్ల కిడ్నీలు పాడైపోతున్నాయి. నీళ్లా, ఎండా, పురుగుమందులా, నొప్పి మాత్రలా? ఇదీ కారణమని తేలలేదు. శ్రీలంక రైతుల్లో, నికరాగువా చెరకు కూలీల్లో కూడా ఇలాంటి జబ్బే ఉంది. అమ్మాయి ఇదంతా చదువుకునే వచ్చింది, నాకంటే ఎక్కువే.

సోంపేటలో దిగి, ఆటోలో కవిటి వైపు ఒక ఊరికి వెళ్లాం. అరుగు మీద కూర్చున్న మామ్మ మమ్మల్ని చూడగానే, "మల్లీ నెత్తురు తియ్యడానికొచ్చారేటి బాబూ? పోయినసారి ఎవులో తీసుకెల్లిపోనారు, రిపోర్టు రానేదు" అంది. నాకు గొంతులో వెలక్కాయ పడింది. "కుశలం అడుగుతోంది" అని ఇంగ్లీషులో దాటేయబోయాను. అమ్మాయి నమ్మలేదు. ఉన్నదున్నట్టు చెప్పాక, బయటికి తీసిన ప్రశ్నల కాగితాలు మళ్లీ సంచిలో పెట్టేసింది.

అప్పుడు మామ్మే మాట కలిపింది. వారానికి మూడుసార్లు డయాలసిస్, నాలుగేసి గంటలు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, అక్కడికే వెళ్తుంది. వైద్యానికి డబ్బు కట్టక్కర్లేదు. ఆటో ఖర్చూ, తోడొచ్చే కొడుక్కి పోయే కూలీ మాత్రం తప్పవు. తమ దేశంలో సొంతంగా రాలేనివాళ్లకి ఆసుపత్రే బండి పంపుతుందని కుర్రాడు చెప్పాడు. "ఇంటికే!" అని నోరు నొక్కుకుంది.

చెయ్యి చాపి, ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి ఆపరేషన్ చేసి ధమనిని సిరతో కలిపిన చోటు) మీద వేలు పెట్టి చూడమంది. చర్మం కింద సన్నగా జివ్వుమంటోంది. "సెల్లు వైబ్రేసన్‌లో ఎట్టినట్టు నేదూ?" అని నవ్వింది.

మనవడి చేత మూడు బొండాలు కొట్టించింది. పెరట్లో ఎనిమిది చెట్లున్నాయి. తను మాత్రం చుక్క తాగకూడదు, కొబ్బరి నీళ్లలో పొటాషియం ఎక్కువ, పాడైన కిడ్నీలు దాన్ని బయటికి పంపలేవు. మామూలు నీళ్లు కూడా చిన్న స్టీలు గ్లాసుతో లెక్కపెట్టి తాగుతుంది. అది తెలిసి కుర్రాడు బొండం చేత్తో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాడు.

"ఎండలో ఎట్టుకుంటే ఏడెక్కిపోద్ది, తాగు బాబూ" అని కసిరింది మామ్మ.