నీళ్ల మీటరు పేటెంటు: "ఇందులో కొత్తేముంది?" అన్నవాళ్లకు జవాబు

నిన్న సాయంత్రం పేటెంటు మంజూరైనట్టు మెయిలొచ్చింది. ఆ సంతోషం తాజాగా ఉండగానే రాసేస్తున్నాను.

మన ఊళ్లలో కుళాయి నీళ్లు రోజంతా రావు. వాల్వు తిప్పగానే ముందు పైపులోని గాలి బుస్సుమని తన్నుకొస్తుంది. ఆ గాలికే మీటరు గిర్రున తిరిగి బిల్లు పెరుగుతుంది. ఆ లెక్కను తీసేసే మీటరు నాది. దరఖాస్తు పెట్టడం తేలికే. మామూలు దరఖాస్తుకు వ్యక్తులైతే ఆన్‌లైన్‌లో 1,600 రూపాయలు, పేటెంటు ఆఫీసు చేసే పరీక్షకు ఫీజు వేరే.

అసలు గొడవ ఎఫ్‌ఈఆర్‌తో, అంటే దరఖాస్తును పరీక్షించి పేటెంటు ఆఫీసు పంపే మొదటి అభ్యంతరాల నివేదికతో మొదలైంది. రెండు పాత పేటెంట్లు చూపించారు. ఒకదాంట్లో చక్రం తిరిగే మీటరు, రెండోదాంట్లో పైపు ఖాళీ అయిందని పసిగట్టే ఎలక్ట్రోడ్లు. రెండూ కలిపితే మీదేగా, ఆబ్వియస్ (ఎవరికైనా ఇట్టే తట్టేదే) అన్నారు. నా పేటెంటు ఏజెంటు అది చదివి నా మొహం మీదే నవ్వాడు. "డిప్లొమా కుర్రాడైనా చేస్తాడండీ, వదిలేయండి" అన్నాడు. ఫీజు పుచ్చుకున్న రోజు "అద్భుతం సార్" అన్న మనిషే! బలవంతపెడితే ఒక జవాబు రాసిచ్చాడు. అరపేజీ నిండా "మాది ఆబ్వియస్ కాదు" అన్న మాటే, ఎలక్ట్రోడ్ల ఊసే లేదు. అలాంటివాళ్లకు డబ్బు పోయకండి.

జవాబు నేనే రాశాను. పేటెంట్ల చట్టం సెక్షన్ 2(1)(జెఏ) అడిగేది, ఆ రంగం తెలిసినవాడికి ఇది తట్టి ఉండేదా అని. వర్క్‌షాపులో చేసుకునే చిన్న మార్పు పేటెంటుకు చాలదని 1978లోనే సుప్రీంకోర్టు వంటపాత్రల తయారీ కేసులో చెప్పింది. నాది అలాంటిది కాదు. పాత ఎలక్ట్రోడ్లకు కరెంటు ఎప్పుడూ అందుతూ ఉండాలి. నాది బ్యాటరీ మీటరు. గాలికి చక్రం నీటికంటే జోరుగా తిరుగుతుంది కదా, ఆ జోరు కనబడినప్పుడే ఎలక్ట్రోడ్లు మేలుకుంటాయి. ఆ ఊహ రెండు పత్రాల్లోనూ లేదు. వాటిని కలపమని చెప్పే ముక్క కూడా లేదు. నా వివరణ చదివాక తేలికనిపించడం వేరు, నా దరఖాస్తు తేదీకి ముందు తట్టడం వేరు.

వీడియో హియరింగులో అధికారి ఓపిగ్గా విన్నారు. మేలుకొలిపే ఆ భాగాన్ని మొదటి క్లెయిములోకే (నా హక్కు దేనిమీదో చెప్పే వాక్యంలోకే) తెచ్చాను, 15 రోజుల్లోపు రాతపూర్వకంగా పంపాను.

ఎఫ్‌ఈఆర్‌కు జవాబివ్వడానికి ఆరు నెలలు ఉంటుంది. క్లెయిములో ఒక్కో ముక్క పక్కన "ఇది పాతదాంట్లో ఏ పేరాలో ఉంది?" అని రాసుకుని వెతకండి. మంజూరయ్యాక గడిచిన ఏళ్ల రెన్యూవల్ ఫీజులు మూడు నెలల్లో కట్టాలి. నేనిప్పుడు ఆ లెక్కే చూసుకుంటున్నాను.