వై కొట్టబోయి ఆగాను

ఉబుంటు అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో ప్రోగ్రాములు వేసే, తీసే ఆప్ట్ కమాండ్‌తో ఒకటి తీసేయమన్నాను. తీసేయనా అని అది అడిగింది. అలవాటుగా వై (అవును) కొట్టబోతూ ఎందుకో ఒక్కసారి పైకి చూశాను. తీసేయబోయే ప్యాకేజీల (ప్రోగ్రాముల) జాబితా స్క్రీన్ దాటిపోయింది. అందులో ఉబుంటు-డెస్క్‌టాప్, కమాండ్లు కొట్టే గ్నోమ్-టెర్మినల్ కూడా ఉన్నాయి!

నేను తీసేయమన్నది పైథాన్3 అనే ప్రోగ్రామింగ్ భాష ఒక్కదాన్నే. కొత్త వెర్షన్ విడిగా వేసుకున్నాను కదా, పాతది ఎందుకులే అనుకున్నా. ఉబుంటులో ఎన్ని పనిముట్లు దాని మీదే నిలబడ్డాయో అప్పుడు కళ్లారా చూశాను. పునాది రాయి లాగితే గోడ ఉంటుందా?

ఎన్ (వద్దు) కొట్టాను. దడ తగ్గడానికి కాసేపు పట్టింది.

సాయంత్రం వాడని వెబ్ సర్వర్ ఒకటి తీసేయాల్సి వచ్చింది. ఈసారి ముందు ఆప్ట్ కమాండ్‌కి మైనస్ ఎస్ (-s) పెట్టి చూశాను. అది దేన్నీ ముట్టుకోదు, ఏమేం పోతాయో చూపిస్తుందంతే. అన్నీ చదివాకే ఆప్ట్ పర్జ్ కొట్టాను. ఆప్ట్ రిమూవ్ అయితే ఈటీసీ (/etc) ఫోల్డర్‌లో సెట్టింగ్స్ ఫైళ్లు మిగిలిపోతాయి మరి.