చాచా రొట్టెల పీట

ఆరో తరగతిలో మన నవోదయలో, అంటే హాస్టల్లో ఉండి చదివే కేంద్ర ప్రభుత్వ బడిలో, చేరినప్పుడు ఏడ్చినవాళ్లలో నేను లేను. ఆ ఏడుపంతా తొమ్మిదికి దాచిపెట్టుకున్నట్టున్నాను. జాతీయ సమైక్యత కోసం తొమ్మిదిలో నూటికి 30 మందిని ఏడాదిపాటు హిందీ రాష్ట్రానికి పంపాలన్న మైగ్రేషన్ నిబంధన మన పాత విద్యార్థులందరికీ తెలిసిందే. మా సెక్షన్ 40 మందిలో 12 మందిమి 1996లో మధ్యప్రదేశ్ రైలెక్కాం. జాతీయ సమైక్యత సంగతేమో గానీ, నాకు కనబడింది కంచంలో నాలుగు రొట్టెలు, పక్కన గుప్పెడన్నం.

చదువుతో పెద్ద ఇబ్బంది లేదు. లెక్కలూ సైన్సూ ఇంగ్లీషులోనే. ఇబ్బందల్లా జోకులతో. డార్మిటరీ అంతా ఘొల్లుమంటే మేం ఒక క్షణం ఆగి, ఎందుకో తెలియకుండానే నవ్వేవాళ్లం. హౌస్ మాస్టర్‌గారు మంచాయనే, రోజూ "కోయీ దిక్కత్?" (ఏమైనా ఇబ్బందా?) అని అడిగేవారు. "నహీ సర్" అనేవాణ్ణి. పద్నాలుగేళ్లవాడు ఇంకేమంటాడు? ఇంటికి రాసిన ఇన్‌లాండ్ లెటర్‌కి పదిరోజుల తర్వాత నాన్న జవాబు వచ్చింది: ఓర్చుకో.

ఆ ఉత్తరం పట్టుకుని ఓ ఆదివారం మెస్ వెనకాల కూర్చున్నాను. వంట చేసే పెద్దాయన్ని అందరూ చాచా అనేవారు. ఆయన నా మొహం చూశాడు, ఉత్తరం చూశాడు, ఏమీ అడగలేదు. పీట ఇటు జరిపి, కర్ర చేతికిచ్చాడు. నేను ఒత్తిన మొదటి రొట్టెని రెండు వేళ్లతో పైకెత్తి, వెలుతురుకి పట్టి, "యే తుమ్హారా ఆంధ్రా హై క్యా?" (ఇది మీ ఆంధ్రానా?) అన్నాడు. నిజంగానే కింద శ్రీకాకుళం వైపు తోక సాగినట్టుంది... కింద కాదు, పైన, తిరగేసి పట్టుకున్నాడు. ఆ ఊళ్లో నాకు వెంటనే అర్థమైన మొదటి జోకు అదే.

తర్వాత ప్రతి ఆదివారం నాకు అక్కడ పని. పిండి ఎక్కువ చల్లితే చేతిమీద చిన్న దెబ్బ. ఒకసారి సంతలో చింతపండు తెచ్చి, చారు ఎలా కాస్తారో చెప్పమన్నాడు. నాకేం తెలుసు? అమ్మ చేస్తుంటే చూసింది చెప్పాను. పోపు మాడింది. అయినా హిందీ పిల్లలు గ్లాసులతో తాగారు, రెండో గ్లాసు అడిగింది నన్ను, చాచాని కాదు.

అప్పుడు వెళ్లిన మా 12 మందిలో ఎవరి దగ్గరైనా మెస్ ముందు తీయించుకున్న గ్రూప్ ఫోటో ఉంటే నాకొక కాపీ పంపండి. చాచా ఎడమ చివర, సగం తెగిపోయి ఉండాలి. చేతులు మాత్రం పడ్డాయనుకుంటాను.