రుబ్బురోలు పడిందని రాయమన్నారు: జిమ్ ప్రమాదం, ఇన్సూరెన్స్ క్లెయిం, నా అనుభవం

మొన్న సాయంత్రం డిశ్చార్జి అయ్యాను. గ్లవ్స్, దూది లాంటివి పోను మిగతా బిల్లంతా మంజూరైందని ఫోన్‌కు మెసేజ్ వచ్చాకే నా టెన్షన్ దిగింది. కుడిచేతికి కట్టు ఉంది కాబట్టి నేను చెబుతుంటే మా అమ్మాయి టైప్ చేస్తోంది. బెంగళూరులో మనవాళ్లు, ముఖ్యంగా నా వయసు ఆడవాళ్లు, ఇప్పుడు జిమ్‌లలో బాగానే కనిపిస్తున్నారు. వాళ్లకు పనికొస్తుందని కోపం చల్లారకముందే రాస్తున్నాను.

మా జిమ్ మారతహళ్లి దగ్గర. ఆ రోజు నేను ప్లేట్ల స్టాండు నుంచి నా బరువు ప్లేటు తీసుకుంటున్నాను. పక్క బెంచ్ మీద ఎవరో బార్, అంటే ప్లేట్లు తగిలించే ఇనుప కడ్డీ, అలాగే వదిలేసి వెళ్తే, మా ట్రైనర్ దాన్ని ఖాళీ చేయడానికి వచ్చాడు. బార్‌కు రెండు వైపులా ఇరవై కిలోల ప్లేట్లు రెండేసి ఉన్నాయి. ఎవరితోనో మాట్లాడుతూ ఒక వైపు రెండూ తీసేశాడు. బార్ బరువు మామూలుగా 20 కిలోలు. ఒక కొసన నలభై కిలోలుండి రెండో కొస ఖాళీ అయితే అది బెంచ్ స్టాండు మీద నిలవదు. బరువున్న కొస ఒక్కసారిగా వాలింది. ప్లేట్లు జారకుండా పట్టే క్లిప్పులు కూడా లేవు. ప్లేట్లు జారి, పక్కనే ప్లేట్ల స్టాండు అంచు మీదున్న నా కుడిచేతిపై పడ్డాయి. మధ్యవేలు, ఉంగరపు వేలు ఎముకలు విరిగాయి.

అటొకటి ఇటొకటి మార్చి మార్చి ప్లేట్లు తీయాలని జిమ్‌లో చేరిన మొదటి వారంలోనే నేర్పుతారు. సర్టిఫికెట్‌కు ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్న మనిషికి అది గుర్తుండాలి కదా?

ఐస్‌ను గుడ్డలో చుట్టి వేళ్లకు పెట్టుకుని, చెయ్యి గుండె కంటే ఎత్తున పట్టుకుని ఆటోలో ఆస్పత్రికి వెళ్లాను. నేను ఉంగరం ఇంట్లో తీసిపెట్టే జిమ్‌కు వెళ్తాను. చాలా మంచి పని, లేకపోతే వాపుకు కట్ చేసి తీయాల్సి వచ్చేదని డాక్టర్ అన్నాడు. ఎక్స్‌రే అయింది. మర్నాడు చెయ్యి వరకే మత్తిచ్చి, ఎముకల్లో సన్నని స్టీల్ తీగలు గుచ్చి సరిచేయాలన్నారు. నొప్పి సంగతి అంతే, దాని గురించి రాయడానికి ఏమీ లేదు. నేను ఏడ్చింది ఇన్సూరెన్స్ డెస్క్ దగ్గర.

డెస్క్‌లో కూర్చున్న అబ్బాయి మన తెలుగువాడే, చిత్తూరు వైపు యాస. క్యాష్‌లెస్ ఫారం (బిల్లు కంపెనీయే నేరుగా ఆస్పత్రికి కట్టమని అడిగేది) తిరగేసి, నన్ను వదిలేసి మా ఆయన వైపు చూశాడు. "సార్, మేడమ్‌కి ఈ బరువులెత్తే పని ఎందుకు సార్?" అన్నాడు. వెనక క్యూలో ఉన్నవాళ్లందరూ విన్నారు. "ఆవిడ్నే అడగండి" అన్నారు మా ఆయన. ఆ అబ్బాయి అడగలేదు.

కాసేపటికి కంపెనీ నుంచి ప్రశ్నలొచ్చాయి. పేషెంట్ వృత్తిరీత్యా క్రీడాకారిణా? మద్యం, మత్తుమందులు ఏమైనా తీసుకున్నారా? పోలీసులకు తెలిపిన కాగితం ఉందా? వాటిని అందరి ముందూ పైకి చదివాడు. మద్యం ప్రశ్న రెండుసార్లు అడిగాడు. నేను స్కూల్లో లెక్కలు చెప్పే టీచర్ని. మా స్కూల్ పిల్లల తల్లిదండ్రులు ఎవరైనా ఆ హాల్లో ఉన్నారేమోనని తల తిప్పి చూసుకున్నాను.

తర్వాత గొంతు తగ్గించి నాతో మొదటిసారి మాట్లాడాడు. "అక్కా, నా మాట వినండి. జిమ్ అని రాస్తే రిజెక్ట్ చేస్తారు. ఇంట్లో రుబ్బురోలు చేతి మీద పడిందని రాసేయండి. లేడీస్ కదా, ఎవురూ అడగరు."

అతను నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నాడు. మా ఆయన కూడా ఒక్క క్షణం నా మొహం వైపు చూశారు. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. మాది ఆమదాలవలస. 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో వెయిట్‌లిఫ్టింగ్ 69 కిలోల విభాగంలో స్నాచ్ 110, క్లీన్ అండ్ జెర్క్ 130, మొత్తం 240 కిలోలెత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరి మా వైపు మనిషి. ఒలింపిక్ పతకం తెచ్చిన మొదటి భారతీయ మహిళ ఆవిడే. అలాంటి చోట పుట్టిన నేను బరువులెత్తడం దాచుకుని వంటింట్లో దెబ్బ తగిలిందని సంతకం పెట్టాలా? గౌరవం మాట పక్కన పెట్టినా, అది అబద్ధం. కేస్ షీట్‌లో డాక్టర్ జిమ్ అని రాసి ఉండగా నేను రుబ్బురోలని రాస్తే, అప్పుడు నిజంగానే మోసమని చెప్పి క్లెయిం కొట్టేయవచ్చు.

అందుకే ఫోన్‌లో పాలసీ కాగితం తెరిచాను. మన దేశంలో ఆరోగ్య పాలసీలకు మినహాయింపులు, అంటే కంపెనీ డబ్బు ఇవ్వని సందర్భాలు, ఒకే నంబర్లతో ఉంటాయి. తొమ్మిదో నంబరు సాహస క్రీడలది. పారా జంపింగ్, రాక్ క్లైంబింగ్, మోటార్ రేసింగ్, గుర్రప్పందేలు, స్కూబా డైవింగ్ లాంటివి అందులో ఉన్నాయి. వాటిని కూడా వృత్తిగా చేసేవాళ్లకే ఆ మినహాయింపు. ఆరోగ్యం కోసం జిమ్‌కు వెళ్లే టీచర్‌కు అది ఎలా వర్తిస్తుందని ఆ హాల్లోనే గట్టిగా చదివి అడిగాను. జవాబు రాలేదు.

డాక్టర్‌ను కలిస్తే అయిదు నిమిషాల్లో సర్టిఫికెట్ ఇచ్చాడు. జిమ్‌లో ప్లేట్లు పడి గాయం, మద్యం ఆనవాళ్లు లేవు, పోలీసు కేసు అవసరం లేని ప్రమాదం అని స్పష్టంగా రాశాడు. దాంతోపాటు జరిగింది జరిగినట్టు నా స్వీయ ప్రకటన జతచేశాను. అక్కడ ఇంకో అవమానం. ఎడమచేత్తో సంతకం పెడితే పాత సంతకంతో కలవదన్నారు. ఇంకు ప్యాడ్ తెచ్చి ఎడమ బొటనవేలు ముద్ర వేయించుకున్నారు. ఏళ్ల తరబడి పిల్లల పేపర్లు దిద్దినదాన్ని, వేలిముద్ర వేసి వచ్చాను. ఆ ఇంకు కడుక్కునేటప్పుడే ఏడుపొచ్చింది.

క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ నిర్ణయం చెప్పాలి, డిశ్చార్జి సమయంలో మూడు గంటల్లో తుది అనుమతి ఇవ్వాలి అని 2024 మేలో బీమా కంపెనీలను నియంత్రించే ఐఆర్‌డీఏఐ ఆదేశమిచ్చింది. నాకు చీకటి పడేదాకా తేలలేదు. ఆ ఆదేశం గురించి అడిగితే డెస్క్‌లో ఎవరూ వినలేదన్నారు. మీరు అడగండి, అడగడానికి సిగ్గుపడొద్దు. పాలసీ తీసుకుని నెల కాలేదని కూడా వదులుకోకండి, మొదటి ముప్పై రోజులు క్లెయిం ఇవ్వరనే నిబంధన ప్రమాదాలకు వర్తించదు. నాది తిరస్కరించి ఉంటే ముందు కంపెనీకి, తర్వాత ఐఆర్‌డీఏఐ వారి బీమా భరోసా పోర్టల్‌లో ఫిర్యాదు చేసి, అప్పటికీ కాకపోతే జేపీ నగర్‌లో బీమా తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ ఆఫీసుకు వెళ్దామని కాగితాలు సిద్ధం చేసుకున్నాను. అక్కడ ఫీజేమీ ఉండదు.

జిమ్ ఓనర్ సంగతి కూడా చెప్పాలి. ప్రమాదం జరిగిందని ఒక లెటర్ ఇమ్మంటే, "మీరు చేరేటప్పుడు సంతకం పెట్టిన ఫారం చూసుకోండి మేడమ్" అన్నాడు. సీసీటీవీ అడిగితే ఆ కెమెరా పనిచేయట్లేదట. లేడీస్‌కు ట్రెడ్‌మిల్ బెటరని సలహా కూడా ఇచ్చాడు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాక, మిగిలిన నెలల ఫీజు మాత్రం తిరిగొచ్చింది. క్షమాపణ రాలేదు.

వేరే జిమ్ చూసుకుంటున్నాను. ఈసారి ఏసీ, అద్దాలు నాకు అనవసరం. బార్ ఆనించే ర్యాక్‌లకు, అది జారితే ఆపే సేఫ్టీ రాడ్లు ఉన్నాయా, బెంచ్ మీద పడుకున్నప్పుడు అవి ఛాతీకి కాస్త కిందుగా అమరుతాయా అన్నది మొదట చూస్తాను. క్లిప్పులు సరిపడా ఉన్నాయా, మధ్యలో మనిషి నడవడానికి చోటుందా, వెనక నిలబడి సాయం పట్టమంటే ట్రైనర్ ఫోన్ జేబులో పెడతాడా అన్నవి ఆ తర్వాత. బొటనవేలు చుట్టకుండా బార్ పట్టుకుని బెంచ్ ప్రెస్ (పడుకుని బార్ పైకెత్తడం) చేయమని ఏ ట్రైనర్ చెప్పినా వినకండి, అరచేతిలోంచి జారిన బార్ నేరుగా ఛాతీ మీదో గొంతు మీదో పడుతుంది. పక్కవాడు బార్ ఖాళీ చేస్తుంటే దాని కొసలకు దూరంగా జరగండి, అతను ట్రైనరైనా సరే.

తీగలు తీశాక ఫిజియోథెరపీ ఉంటుందన్నారు. ఆ బిల్లులు ఆస్పత్రి తర్వాతి ఖర్చుల కింద విడిగా పంపుకోవాలి. డిశ్చార్జి సమ్మరీలో ఫిజియో అని రాయలేదని ఇంటికొచ్చాక గమనించి, నిన్న మళ్లీ వెళ్లి రాయించుకొచ్చాను. మీరు మాత్రం ఆ కాగితం చదివాకే ఆస్పత్రి గేటు దాటండి.