నలుగురు ఫార్వర్డులతో మొదలుపెట్టి

సికింద్రాబాద్‌లో మా కుర్రాళ్ల ఫుట్‌బాల్ జట్టు బాధ్యత నా మీద పడినప్పుడు నాకున్న అర్హత ఒక్కటే: పదిహేనేళ్లు లెఫ్ట్ బ్యాక్‌గా, అంటే ఎడమ అంచు కాచే డిఫెండర్‌గా ఆడి మోకాలు పాడుచేసుకున్నాను. అంతకుముందు సీజన్‌లో ఆరు మ్యాచ్‌లు ఆడి మావాళ్లు వేసినవి రెండే గోల్స్. "సార్, ఈసారి దాడి చేసే ఆట ఆడదాం" అన్నారు. నాకూ అదే సరదా.

మొదటి తప్పు అభిమానం కొద్దీ చేశాను. మా నాన్నకు ఫుట్‌బాల్ అంటే భారత జట్టు కోచ్‌గా పనిచేసిన సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం, ఆయన ఆడించిన 4-2-4 (వెనక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు), ఇవన్నీ అన్నం తింటూ విన్న కబుర్లు. అందుకని నేనూ నలుగురు ఫార్వర్డులను నిలబెట్టాను. వాళ్లు నిజంగానే నిలబడిపోయారు, రేషన్ దుకాణం ముందు వరుసలా, బంతి ఎప్పుడు వస్తుందా అని. నడుమ ఇద్దరు మిడ్‌ఫీల్డర్లకు ఇరవై నిమిషాలకే రొప్పు మొదలైంది. మూడు గోల్స్ తేడాతో ఓడిపోయాం.

ఆ రాత్రి గాని అసలు సంగతి తట్టలేదు. 1958 ప్రపంచ కప్ గెలిచిన బ్రెజిల్‌దీ కాగితం మీద 4-2-4 అమరికే. అయితే ఎడమ వింగర్, అంటే ఎడమ అంచున ఆడే ఫార్వర్డ్ జగాలో, బంతి చేజారినప్పుడల్లా వెనక్కి పరుగెత్తి మూడో మిడ్‌ఫీల్డర్ అయిపోయేవాడు. మా జట్టులో అంత ఊపిరి ఉన్నవాడు లేడు. ఇక 4-3-3కి మారాను.

క్యారమ్ బోర్డు మీద చింతపిక్కలు పేర్చి చెప్పబోయాను. పిల్లలు బుద్ధిగా తలూపి, మైదానంలోకి దిగగానే బంతి ఎటుంటే అటు గుంపుగా పరుగెత్తారు. దాంతో సున్నం బస్తా తెచ్చాను. పెనాల్టీ బాక్సు పక్క గీతలనూ, దాని లోపలి చిన్న బాక్సు పక్క గీతలనూ మైదానం మధ్య గీత దాకా పొడిగించాను. నాలుగు గీతలు, ఐదు దారులు. 68 మీటర్ల వెడల్పున్న మైదానమైతే నడిమి దారి 18 మీటర్ల పైచిలుకు, దాని ఇరుపక్కలా 11 మీటర్ల చొప్పున రెండు, అంచుల్లో దాదాపు 14 మీటర్ల చొప్పున రెండు వస్తాయి. మాది ఇరుకు మైదానం. బాక్సుల కొలత మారదు కనుక అంచు దారులే సన్నబడ్డాయి.

దాడిలో ఉన్నప్పుడు ఒక్కో దారిలో ఒక్కడు ఉండాలి, అంతే నియమం. లెఫ్ట్ వింగర్ లోపలికి వస్తే లెఫ్ట్ బ్యాక్ అంచు పట్టుకుని ముందుకు వెళ్లాలి. ఇద్దరూ ఒకే దారిలో ఉంటే ప్రత్యర్థి డిఫెండర్ ఒక్కడే ఇద్దరినీ కాచేస్తాడు. ఆ 11 మీటర్ల దారులే మాకు బంగారు గనులయ్యాయి. అక్కడ బంతి అందుకున్నవాడిని అంచు కాచే ఫుల్‌బ్యాక్ ఆపాలా, నడుమ కాచే సెంటర్ బ్యాక్ ఆపాలా అని వాళ్లు తేల్చుకునేలోపే మావాడు గోల్ వైపు తిరిగేవాడు.

గోల్స్ వచ్చాయి. మాకు పడడమూ మొదలైంది! ఒక మ్యాచ్‌లో 1-4తో ఓడిపోయాం. ఆ నాలుగింటిలో మూడు మా రైట్ బ్యాక్ వదిలివెళ్లిన ఖాళీలోంచే. తప్పు వాడిది కాదు, రెండు వైపుల ఫుల్‌బ్యాక్‌లనూ ఒకేసారి ముందుకు తోలింది నేను. తర్వాతి వారం నుంచి ఎడమవాడు వెళితే కుడివాడు సెంటర్ బ్యాక్‌ల పక్కన ఆగిపోవాలన్నాను. వెనక ముగ్గురు, వాళ్ల ముందు ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు, దాడిలో ఐదుగురు. బంతి పోతే దగ్గరున్నవాళ్లు ఐదు లెక్కపెట్టేదాకా దానికోసం ఎగబడాలి. దొరకకపోతే వెనక్కి రావాలి. మొదట్లో ఆ లెక్క పైకే అరిపించాను, పక్క మైదానంలో క్రికెట్ ఆడేవాళ్లు నవ్వుకున్నా సరే.

రైట్ బ్యాక్ మాత్రం అలిగాడు. "అందరూ పెళ్లికి వెళితే నన్ను ఇంటికి కాపలా పెట్టారు సార్" అన్నాడు. నాకు జవాబు దొరకలేదు. ఫుల్‌బ్యాక్‌గా ఆడిన రోజుల్లో నేనూ అలాగే అలిగేవాణ్ని.

సీజన్ చివరి మ్యాచ్‌లో 3-2 ఆధిక్యంతో ఉన్నాం, ఐదు నిమిషాల ఆట మిగిలింది. ఉన్నట్టుండి వాడు బంతి తీసుకుని ముందుకు దూసుకెళ్లాడు. నేను గొంతు చించుకున్నాను. వాడి షాట్ బార్ మీదుగా పోయింది. నేను వెనక్కి తిరిగి చూస్తే, ఎవరూ చెప్పకుండానే ఒక మిడ్‌ఫీల్డర్ వాడి చోటులోకి జరిగి నిలబడి ఉన్నాడు. గోల్ కిక్ నేరుగా అక్కడికే వచ్చింది.